గేటు దగ్గర వదిలిన తుపాకి

బల్ల మీద రెండు వస్తువులున్నాయి: ఒక పాత జోడుగొట్టాల తుపాకి, బొటనవేలంత లావున్న ఒక ఖాళీ తూటా. తూటా ఆ తుపాకిలోంచే పేలిందని ప్రయోగశాల తేల్చింది. వాటికి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్న కొండప్ప, పేల్చినది తానేనని ఒప్పుకున్నాడు. ఆయుధం, ఆధారం, ఒప్పుకోలు మూడూ పెళ్ళివారిలా వరసగా వచ్చి కూర్చున్న కేసు మీద భువనకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ప్రయోగశాలలో తుపాకుల విభాగంలో గడిపి, విరమణ తరువాత హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక మేడ మీది వాటాలో ఒంటరిగా ఉంటున్న మనిషి ఆమె. ఇన్సూరెన్సు కంపెనీలకూ, అప్పుడప్పుడు దిక్కులేని ముద్దాయిలకూ విచారణలు చేసిపెడుతుంది. ఈ కేసు మాత్రం మేడ కిందినుంచే వచ్చింది. కింది వాటాలో ఉండే కెంపమ్మ తెల్లవారగానే మెట్లెక్కి వచ్చింది. "కొండప్ప మా బావమ్మా. మా ఆయనకు అన్న. చీమను చూసి అడుగు పక్కకు పెట్టే మనిషి. ఈ సాయంత్రం కోర్టులో నిలబెడతారంట. ఒక్కసారి పోయి చూసిరా తల్లీ" అంటూ చెయ్యి పట్టుకుంది. చాలాకాలంగా ఎవరూ పట్టుకోని చెయ్యి అది. భువన కాదనలేకపోయింది. కెంపమ్మ కొడుకు రక్షిత్ తన కారులో తీసుకువచ్చాడు. ఎన్నికల తనిఖీలవాళ్ళు దారిలో ఆపినా, భువనను గుర్తుపట్టి నమస్కారం పెట్టి వదిలేశారు.

"చూసినారు కదా మేడం? బయలుదేరండి ఇంక" అన్నాడు ఇన్స్పెక్టర్ మోహన్‌కుమార్, గడియారం వైపు చూపిస్తూ. "ఐదుకి మెజిస్ట్రేటు ముందర ఉండాల."

"నా శిక్షణ తరగతిలో కూడా మీకు ఇంతే తొందర, ఇన్స్పెక్టరప్పా. తూటాను తలకిందులుగా పట్టుకుని, గుర్తు కనబడలేదన్నారు."

కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మోహన్‌కుమార్ ముఖం గంటుపెట్టుకుని కేసును మళ్ళీ అప్పజెప్పాడు. పోయిన సోమవారం పదిన్నర ప్రాంతంలో, ఉద్దనపల్లి దాపున గులాబీల షెడ్డులో హోసూరు వ్యాపారి శ్రీనివాస ఛాతీలో సీసపు గుళ్ళు దిగాయి. గులాబీలు బండికెత్తుతున్న ఆడవాళ్ళు చప్పుడు విన్నారు, ఏనుగులకు వేసిన టపాకాయ అనుకున్నారు. షెడ్డు పక్క చేను కొండప్పది. ఆ చేను కొనాలని శ్రీనివాస ఏడాదిగా తిరుగుతున్నాడు. శవం పక్కన ఈ తూటా దొరికింది. ఎన్నికలని లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించమన్నారు గనుక, అదే సాయంత్రం కొండప్ప తన తుపాకి తెచ్చి ఇచ్చిపోయాడు.

"చంపిన తుపాకిని నా చేతికే ఇచ్చినాడు మేడం. ఏమి ధైర్యం చూడండి!"

"లేదా ఏమి అమాయకత్వం." భువన ముసలాయన వైపు తిరిగింది. "కొండప్పన్నా, కుడి గొట్టం పేల్చినారా, ఎడమదా?"

కొండప్ప తల ఎత్తలేదు. "కుడిదేమ్మా."

"రిపోర్టులో ఎడమ గొట్టం అని ఉంది."

"అయితే ఎడమదే. వయసైపోయె, యాది లేదు."

"పేల్చినాక తూటా ఎందుకు బయటికి తీసినారు?"

"అదే వచ్చి పడింది."

"ఇది తనంతట తాను పడదు. తుపాకిని నడుము దగ్గర విరిచి, గోటితో లాగాలి. మనిషిని చంపినవాడు నిలబడి, గోరు పెట్టి లాగి, తన గుర్తును శవం పక్కన పెట్టి పోయినాడా?"

"పోయినాను" అన్నాడు కొండప్ప మొండిగా. "నేనే చంపినాను. పదేపదే ఎందుకమ్మా అడిగేది?"

"విన్నారా?" అన్నాడు మోహన్‌కుమార్.

"విన్నాను. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని మీరూ చదువుకున్నారు."

ఆమె భూతద్దం తీసింది. పిన్ను గుర్తు సరిగ్గానే ఉంది, తన పాత శిష్యుల పనిలో తప్పులేదు. అయితే తూటా ఇత్తడి అంచు కింద చుట్టూ సన్నటి తుప్పు వలయం ఉంది. వారం కిందట పేలిన తూటాకు నడుముకు మొలతాడులా తుప్పు ఎక్కడిది? తరువాత తుపాకిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. దేవుళ్ళ మీదా దయ్యాల మీదా లేని నమ్మకం ఆమెకు వాసనల మీద ఉంది. కర్రపిడి మీద ఆముదం జిడ్డు, పసుపు, కుంకుమ. ఈ పక్క రైతులు తుపాకికి ఆముదమే పూస్తారు, శుక్రవారం బొట్టు పెడతారు. కానీ విరిచే చోట, గొట్టాల మొదట, జిడ్డు లేదు, బొట్టు లేదు. అక్కడ వేరే నూనె. పల్చగా, ఘాటుగా, ఆమె ఉద్యోగమంతా పీల్చిన తుపాకి నూనె వాసన. ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీకి ఖాకీ దారం ముక్క ఒకటి ముడిపడి ఉంది.

"ఈ తుపాకిని మీవాళ్ళు ఎవరైనా శుభ్రం చేశారా?"

"మాకు పని లేదా మేడం?"

"అన్నా, మీ ఇంట్లో మిషను నూనె ఉందా?"

కొండప్ప మొదటిసారి తల ఎత్తాడు. ఆ కళ్ళలో దొరికిపోయిన భయం కనిపించింది. తప్పు దొరికిన మనిషి భయంలా లేదది. దాచిపెట్టిన మంచిపని బయటపడబోతున్న మనిషి భయంలా ఉంది. "లేదమ్మా" అన్నాడు. "ఇంక చాలు, ఇంటికి పో."

*

ఉద్దనపల్లి దాటాక రక్షిత్ కారు నిదానం చేశాడు. "అదే మా పెద్దనాయన చేను."

చేను చుట్టూ తీగకంచె. దాని పొడుగునా ఖాళీ తూటాలు, డబ్బాల మూతలు కట్టి ఉన్నాయి. గాలికి అవి ఒకదానికొకటి తగిలి, మనుషులు లేని ఇంట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి.

"ఈ చప్పుడుకి పందులు రావమ్మా. చిన్నప్పుడు నేనే తీగ చుట్టి ఇస్తా ఉంటి" అన్నాడు రక్షిత్. అతని గొంతులో ఒక్క క్షణం మురిపెం వినిపించింది.

భువన దిగి చూసింది. ప్రతి తూటాకూ ఇత్తడి అంచు కింద తీగ చుట్టు ఉంది. ఒకచోట చుట్టు ఖాళీగా వేలాడుతోంది. తెగిన తీగ కొస తుప్పు లేకుండా మెరుస్తోంది. తుప్పు వలయానికి అర్థం దొరికింది. కొండప్ప ఎప్పుడో పందుల మీద పేల్చిన తూటాను ఎవరో ఇక్కడ కోసుకుని, శవం పక్కన పెట్టారు. ఎవరైనా కోసుకోవచ్చు, కంచె దారి పక్కనే ఉంది. ఆ తుపాకి ఆ రోజు ఎక్కడుందో ఇంకా తేలాలి.

"క్యాంపుకి పోనీ అప్పా. హైవే పక్కన ఉందే, సైన్యం వాళ్ళది."

"ఆడేముందమ్మా మనకు?" రక్షిత్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"సైన్యం గేటు లోపలికి సొంత తుపాకితో ఎవరినీ పోనివ్వరు. గేటు దగ్గరే తీసుకుని, విరిచి చూసి, ఖాకీ దారంతో చీటీ కట్టి లోపల పెడతారు. మీ పెద్దనాయన తుపాకికి అలాంటి దారం ఉంది."

క్యాంపు దగ్గరికి వచ్చాక, గేటుకు ఫర్లాంగు దూరంలో, రోడ్డవతల పంచరు కొట్టు పక్కన రక్షిత్ కారు ఆపాడు.

"లోపలిదాకా రావచ్చు కదా, ఎండగా ఉంది."

"వద్దులేమ్మా. ఆడ డిక్కీ తీయమంటారు, సుమ్మనే లేనిపోని తంటా. మీరు పోయిరండి."

ఈ కాలం పిల్లలకు ప్రతిదీ తంటానే అనుకుని భువన నడిచింది.

గార్డు రూము హవల్దారు ముత్తుది ఈ జిల్లాలోని సామల్‌పట్టి. తెలుగు వినగానే కుర్చీ జరిపాడు. "పాసుకి ఒక పేరు కావాల మేడం. మీకేమన్నా అయితే ఎవురికి ఫోన్ చెయ్యాల?"

భువన నోరు తెరిచింది. పేరు రాలేదు. తన ఫోనులో ఉన్న పేర్లన్నీ మనసులో ఒకసారి తిరగేసింది. ప్లంబరు, బ్యాంకు, ఇద్దరు వకీళ్ళు.

"ఎవరూ లేరని వేసుకోండి."

"అట్ల వేయకూడదు. ఒక పెద్దాయన ఉండాడు, ఆయన మీకన్నా ఘటికుడు. ఏటా తమ్ముడి పేరు చెప్తాడు. తమ్ముడి పేరేమో లోపల రాతి మీద చెక్కి ఉండాది. ఫోన్ యాడికి చేసేది?"

"ఉద్దనపల్లి కొండప్ప" అంది భువన.

ముత్తు నవ్వు ఆగింది. "ఆయనకేమన్నా అయిందా?"

"పోయిన సోమవారం వచ్చాడా? తుపాకితో?"

"తుపాకి అంటారా దాన్ని? ఆముదం పోసిన దోసె పెనం! సాయంత్రం స్టేషనులో ఇవ్వాల, ఇంటికి తిరిగి పోయే బస్సు లేదు, ఇంతసేపు పెట్టుకో అప్పా అన్నాడు. సరే, రూలు ఉండాది. లోపల పెట్టేముందర విరిచి, గొట్టాలు ఖాళీగా ఉండాయా లేదా చూడాల. విరుగుతేనా? ఆముదం బంక కట్టి బిగుసుకుపోయింది. దేవుడి బొట్టు చెరపొద్దని ఆయన, చెరపకుండా యాడ విరిచేదని నేను. కిరసనాయిలు, మా నూనె పోసి, మోకాలికేసి నొక్కితే అప్పుడు తెరుచుకుంది."

"ఎన్ని గంటలకు?"

"తొమ్మిదికి ముందే. అప్పటికి పెరేడు మొదలు కాలేదు. మజ్జాన్నం భోజనమైనాక తీసుకుపోయినాడు. పుస్తకం చూపించమంటారా?"

"పుస్తకంలో ఎప్పుడైనా రాసుకోవచ్చు. పెట్టిన చోటు చూపించండి."

ఇనుప కటకటాల వెనక తుపాకులు నిలబెట్టే చెక్క చట్రం. దానిలో చివరి గాడి అడుగున పసుపుపచ్చ జిడ్డు మరక. గొట్టాలు ఆనే చోట ఎర్రటి బొట్టు ముద్ర, తిరగబడి. మిగతా గాడులన్నీ శుభ్రం. సైనికుల తుపాకులు బొట్టు పెట్టుకోవు.

"కడిగినా పోలేదు" అన్నాడు ముత్తు సంజాయిషీగా.

"కడగకండి." భువన ఫోటో తీసుకుంది. ఎవరూ బలవంతం చేయనిదే తెరుచుకోని తుపాకిలో ఆ పొద్దు తూటా పెట్టినవాడెవడూ లేడు. పదిన్నరకు ఆ తుపాకి ఈ కటకటాల వెనక ఉంది. "ఆయన ఇక్కడికి ఎందుకు వచ్చాడు?"

"ఆ పొద్దు ఆయన తమ్ముడు ఆంజప్ప చచ్చిపోయిన తేదీ మేడం. సరిహద్దులో. ఏటా రాయి దగ్గర పూలు పెట్టి బ్యూగులు ఊదుతాము. ఇంటివాళ్ళకు రెండు కుర్చీలు వేస్తాము. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో ఆయన తువ్వాలు. కొడుకు రాలేదా అని అడిగితే, ఏటా ఒకే మాట: 'వస్తా ఉండాడు.'" ముత్తు గేటు వైపు చూశాడు. "యాడినుంచి వస్తాడో ఏమో!"

"ఆ కొడుకు ఇప్పుడు పంచరు కొట్టు దగ్గర కారులో ఉన్నాడు."

"అయ్యో, పిలవండి మేడం! వాళ్ళ నాయన పేరు చూసిపోతాడు. చెప్పండి, గేటులో ముత్తు ఉండాడని."

భువన వచ్చి చెప్పింది. పిలుపు సంగతి, తేదీ సంగతి, కొండప్ప ఆ పొద్దంతా ఇక్కడే ఉన్న సంగతి, అన్నీ. మనిషి సంతోషిస్తాడనుకుంది. రక్షిత్ స్టీరింగును రెండు చేతులా పట్టుకుని గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మా నాయనకు పోయిన నెలలోనే పెట్టుకున్నాము" అన్నాడు చివరికి. "తిథికి."

"మీకు తిథి. సైన్యానికి తేదీ."

"పెద్దనాయన ఎప్పుడూ చెప్పలేదే!"

తిరుగుదారిలో అతను రెండుసార్లు తప్పు గేరు వేశాడు.

*

"సైన్యం కటకటాల వెనక ఉన్న తుపాకి గులాబీల షెడ్డులో పేలదు" అంది భువన, ఫోను బల్ల మీద పెట్టి. "ఇది నా అభిప్రాయం కాదు, ఇన్స్పెక్టరప్పా. భౌతికశాస్త్రం."

మోహన్‌కుమార్ ఆ ఫోటోలను రెండుసార్లు చూశాడు. మనిషి మొండివాడే గాని మూర్ఖుడు కాదు. "అయితే ముసలోడు ఎందుకు ఒప్పుకున్నాడు?"

"అది మీరు మొదటిరోజు అడగాల్సిన ప్రశ్న."

"మీరు లెక్చరు ఇస్తా ఉంటే నా ఉద్యోగం పోతుంది మేడం!"

"ఉద్యోగం పోతే బతకొచ్చు. నేను బతకడం లేదూ?"

మోహన్‌కుమార్ కొండప్పను పిలిపించాడు. భువన కంచె గురించి, గార్డు రూము గురించి చెప్పింది. ముసలాయన వింటూ, వంగిపోతూ, చివరికి పీట దిగి నేల మీద కూర్చున్నాడు.

"ముత్తు చెప్పేసినాడా?"

"చెప్పాడు."

"నీకు పుణ్యముంటుంది, ఆ మాట కోర్టులో చెప్పొద్దమ్మా. నాకు ఆడైనా ఒకటే, ఈడైనా ఒకటే. ఆడ చేను కాడ పలకరించేది ఆ తూటాలొక్కటే. జైల్లో నలుగురు మనుషులన్నా ఉంటారు."

"ఎవరిని కాపాడుతున్నారు?"

కొండప్ప భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టుకున్నాడు.

"స్టేషనులో ఆ తూటాను చూడగానే మీరు గుర్తుపట్టారు. ఎవరు కోసుకున్నారో కూడా."

కొండప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మాటలు దానిలోంచి వచ్చాయి. "ఆదివారం శ్రీనివాస ఫోన్ చేసినాడు. 'మీ చేను రక్షిత్ నాకు అమ్మినాడు, డబ్బు కూడా తీసుకున్నాడు, కొలత పెట్టుకోవాల, రేపు వస్తాను, మీతో మాట్లాడాల' అన్నాడు. నా చేను వాడు ఎట్ల అమ్మినాడని నేనంటి. ఆయప్ప గమ్మునైపోయె. తరవాత రక్షితునే అడిగినాడేమో. ఆ సాయంత్రమే వాడు వచ్చినాడు. ఆరు నెలలుగా రానోడు ఎందుకొచ్చినాడో అనుకుంటి. కంచె కాడ శానాసేపు నిలబడినాడు. పోతా పోతా 'రేపంతా చేను కాడే ఉంటావా పెద్దనాయనా' అని అడిగినాడు."

"మీరేమన్నారు?"

"ఉంటాననే చెప్తి." ముసలాయన కళ్ళు తుడుచుకోలేదు. "క్యాంపు సంగతి ఇంట్లో చెప్పనమ్మా. మొదటి ఏడు కెంపమ్మ వచ్చి, ఆ బ్యూగులు విని పడిపోయింది. వాళ్ళు తిథికి ఏడ్చుకుంటారు, చాలు. తేదీ నేను మోస్తానని ఒక్కడినే పోతా ఉంటి. ఆ పొద్దు నిజం చెప్పి ఉంటే వాడు ఆ పని చేసుండడు. నా అబద్ధాన్ని నమ్మి వాడు మనిషిని చంపినాడు. అందుకే నేనే చంపినానని చెప్తా ఉండేది."

భువన మనసు వెనక్కి పరిగెత్తింది. ఫర్లాంగు దూరంలో ఆగిన కారు. డిక్కీ తీయమంటారన్న మాట. పొద్దున తనను చూసి నమస్కారం పెట్టి కారును వదిలేసిన తనిఖీవాళ్ళు. దారులన్నీ కాపలా ఉన్న ఈ రోజుల్లో, దాచిన తుపాకిని వదిలించుకోవాలనుకున్నవాడికి అందరూ గౌరవించే ముసలి శాస్త్రజ్ఞురాలికన్నా మంచి పాసు ఏముంటుంది? పొద్దుటినుంచి శ్రీనివాసను చంపిన తుపాకి ఆమె వీపు వెనకే ప్రయాణం చేసింది.

"రక్షిత్ డిక్కీ తెరిపించండి" అంది లేస్తూ. "ఇప్పుడే."

మోహన్‌కుమార్ ఒక్క గెంతులో గుమ్మం దాటాడు. కారు ఆపిన చోట చమురు చుక్కలు రెండు ఉన్నాయి. కారు లేదు.

అతను వాకీటాకీ తీసేలోపే భువన ఫోను మోగింది. ముత్తు. లోపలికి వచ్చి, కొండప్పకు కూడా వినబడేలా స్పీకరు పెట్టింది.

"మేడం, ఆ పిల్లోడు వచ్చినాడు. ఆంజప్ప కొడుకు." ముత్తు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "చేతిలో ఒంటిగొట్టం తుపాకి. లోడు చేసి ఉండాది. 'మా నాయన పేరు చూడాల, చూపించి తరవాత కాల్చేయండి' అంటా ఉండాడు. తుపాకి కింద పెట్టడు. మావాళ్ళు నలుగురు గురిపెట్టి ఉండారు. ఇంకొక్క అడుగు వేస్తే నేను ఆపలేను మేడం, రూలు అట్లాంటిది."

మోహన్‌కుమార్ జీపు తాళం అందుకుని, మళ్ళీ ఆగాడు. జీపు వెళ్ళేసరికి పావుగంట. అడుగు వేయడానికి క్షణం.

కొండప్ప నేల మీదినుంచే ఫోను దగ్గరికి జరిగాడు. "ముత్తూ, వాడికి దగ్గరగా పట్టప్పా."

అవతల గాలి చప్పుడు, లారీల చప్పుడు వినబడ్డాయి.

"రక్షితూ, నేనురా. పెద్దనాయనను. భయపడొద్దు. తుపాకి ఉంటే లోపలికి రానీరప్పా, నన్ను కూడా రానీలేదు. ముత్తు మంచోడు, ఆయనకియ్యి. ఇచ్చేముందర విరిచి ఖాళీగా చూపించాల, అది ఆడి రూలు. తీగ చుట్టేటప్పుడు నీకు నేర్పినాను కదా, బొటనవేలు ఆ మీట మీద పెట్టి. నిదానంగా. గొట్టం నేలకేసి."

కానిస్టేబుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తరువాత ఒక చప్పుడు వచ్చింది. జీవితంలో వేలసార్లు విన్న చప్పుడు గనుక దాన్ని మొదట గుర్తుపట్టింది భువనే. తుపాకి నడుము విరిగిన చప్పుడు. దాని వెనకే, తారు రోడ్డు మీద పడి దొర్లిన ఒక నిండు తూటా. బూట్ల పరుగు. ఎవరో ఏడుస్తున్నారు, చిన్నపిల్లాడిలా, నోరు మూసుకోకుండా.

"ముత్తూ?" అన్నాడు కొండప్ప. "ఏమాయెనప్పా?"

ఫోను మళ్ళీ హవల్దారు చేతికి వచ్చింది.

"ఏమీ కాలేదు పెద్దాయనా" అన్నాడు. "వచ్చినాడు."